ఖాళీ క్యారియర్

ఈమధ్య ఒక మంగళవారం మా వీధిలోకి మళ్లీ లిస్టు వచ్చింది. రూళ్ల కాగితం మీద ఏడు వారాల పేర్లు, ఒక్కో వారానికి ఎదురుగా ఒక్కో ఇంటి పేరు. సందు చివర ఉండే నాగరత్నం మొగుడు టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డాడు కాబట్టి, ఆ ఇంటికి రోజుకొకరు భోజనం పంపాలని మహిళా మండలి తీర్మానం చేసింది. లిస్టు తెచ్చిన విజయ కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. గుమ్మంలో నిలబడి పెన్ను మూత తీసింది.

“పిన్నిగారూ, మీరే వారం పెట్టుకుంటారు? గురువారం ఖాళీగా ఉందండి.”

“నేను వండి పంపనమ్మాయ్.”

“అయ్యో, ఒంట్లో బాగాలేదా అండీ?”

“నిక్షేపంలా ఉన్నాను. పంపను, అంతే.”

పెన్ను మూత పెట్టేసి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా నా పిసినారితనం రేపల్లె స్టేషను దాకా పాకిందని మా ఆయన వచ్చి చెప్పారు. పాకనీ. నేను చదివింది ఐదో తరగతి. కానీ పదకొండేళ్ల కిందట నేను కామెర్లతో పడి ఉన్నప్పుడు, ఏ రోజు ఎవరింటి గిన్నెలో ఏ కూర వచ్చిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అది రాసి పెడుతున్నాను. జబ్బు పడ్డ ఇంటివాళ్లు చదివితే ధైర్యం తెచ్చుకుంటారు. లిస్టులు రాసేవాళ్లు చదివితే సిగ్గుపడతారు. రెండోది జరుగుతుందన్న నమ్మకం నాకేమీ లేదు.

ఆషాఢం

అది అరవై ఏడో సంవత్సరం. కాలవలకి నీళ్లొదిలిన పది పన్నెండు రోజులకి నాకు అన్నం సయించడం మానేసింది. ముద్ద నోటి దగ్గరికి వస్తే చాలు, కడుపు తిప్పేది. మా అత్తయ్య లోలోపల మురిసిపోయింది. అప్పటికి పిల్లకి ఐదేళ్లు, పిల్లవాడికి మూడు. ఇది మూడో కాన్పనుకుంది. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నా మొహం చూసి దగ్గరికొచ్చింది.

“అమ్మాయ్, ఇటు తిరుగు. వెలుతురుకి తిరుగు. కళ్లు పైకెత్తు.”

ఎత్తాను. ఆమె మొహంలో మురిపెం అలాగే ఆగిపోయి, మెల్లగా దిగిపోవడం చూశాను. అద్దంలో చూసుకునే ముందే, నాకేం వచ్చిందో ఆ మొహంలో చూశాను.

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. నూనె చుక్క, నెయ్యి బొట్టు తగలకూడదు. రెండు గంటలకోసారి పల్చటి జావ, లేకపోతే వెన్న తీసిన మజ్జిగ. మంచం దిగకూడదు. ఇదంతా చెప్పి మా ఆయన వైపు తిరిగాడు.

“ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉందా?”

“మా అమ్మ ఉందండి.”

“అయితే మందు ఇంట్లోనే ఉంది. ఆవిడ ఓపిగ్గా చూసుకుంటే చాలు, లేస్తుంది.”

ఆ మాట నేను పడుకునే విన్నాను. అరవై దాటిన మనిషి, ఎడమ మోకాలు వంగదు, గట్టిగా ఊదితే పడిపోయేటంత బక్కది. నా ప్రాణం ఆమె చేతుల్లో, ఆమె కాచే జావలో ఉందన్నమాట.

కామెర్లంటే ఏంటో తెలియనివాళ్లకి ఒక్క సంగతి చెబుతాను. నొప్పి పెద్దగా ఉండదు. నోరంతా చేదు, ఒళ్లంతా దురద, మనసులో ఏదీ వద్దనిపించడం. అన్నిటికంటే హింస తాలింపు వాసన. పక్కింట్లో ఇంగువ వేసినా నాకు ఇక్కడ పేగులు మెలిపడేవి. మా అత్తయ్య ఆ సంగతి కనిపెట్టి ఇంట్లో తాలింపు పెట్టడం మానేసింది. పిల్లలకీ మా ఆయనకీ ముద్దపప్పు, పెరుగూ. పదిహేను రోజులు ఆ ఇంట్లో బూరెల మూకుడు పొయ్యెక్కలేదు. నా కళ్లల్లో పసుపు కొంచెం పల్చబడింది కూడా.

అప్పుడు మహిళా మండలి మా ఇంటికి వచ్చింది.

శ్రావణం

మండలి ప్రెసిడెంటు సామ్రాజ్యమ్మగారు. ఒక్కరే రాలేదు, వెంట నలుగురు. మంచం చుట్టూ నిలబడి, నాకు కామెర్లున్నాయో లేదో నా కంటే ఎక్కువ అనుమానంతో చూశారు.

“ఏమ్మా కోటేశ్వరీ, ఎంత కష్టం వచ్చిందమ్మా! మేమంతా లేమూ? పెద్దమ్మగారూ, రేపట్నించి మీ ఇంట్లో పొయ్యి వెలగక్కర్లేదు. లిస్టు వేసేశాం.”

“మీకెందుకమ్మా శ్రమ?” అంది అత్తయ్య.

“శ్రమేంటండీ, సేవ!” అందావిడ. ఆ ‘సేవ’ అన్న మాట వెనకనున్న నలుగురికీ వినపడేలా అంది.

మర్నాడు పన్నెండున్నరకి మొదటి క్యారియర్ వచ్చింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. అప్పట్లో స్టీలంటే మాటలా? ప్రతి గిన్నె అంచునా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. మూత మీద కూడా. అందులో గుత్తివంకాయ కూర, పైన వేలెడు మందాన నూనె. పులుసు. గడ్డపెరుగు. నెయ్యి వేసి కలిపిన పప్పన్నం. మూత తీసిన నిమిషంలో ఆ తాలింపు నడవ దాటి నా మంచం దాకా వచ్చింది. కళాయి గిన్నె అందుకునే లోపే డోకు వచ్చేసింది.

జబ్బు మనిషికి ఏం పెట్టాలని క్యారియర్ పంపిన ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే జావ కాచి పంపాలి. జావ పంపిన ఇల్లాలిని ఎవరు మెచ్చుకుంటారు?

సరే, నాకు కాకపోతే పోనీ, పిల్లలూ మగవాడూ తింటారు, అత్తయ్యకి వంట తప్పుతుంది అనుకున్నాను. ఇక్కడే మా వాళ్ల పద్ధతి ఒకటుంది. ఒక ఇంటి గిన్నె మన ఇంటికి వస్తే, దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏదో ఒకటి వేసి పంపాలి. మా అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక, ఆమె చేతి మీదుగా ఒక్క గిన్నె ఖాళీగా గడప దాటలేదు.

మొదటి రోజు బెల్లం ముక్క వేసింది. రెండో రోజు అరటిపళ్లు. మూడో రోజు పెరట్లో పొట్లకాయలు కోసి పెట్టింది. నాలుగో రోజు నాలుగు గిన్నెలకి ఒక్క పొట్లకాయేంటని ఆమెకే చిన్నతనంగా అనిపించింది. ఐదో రోజు సామ్రాజ్యమ్మగారి వంతు. ఆవిడ పూర్ణాలు పంపింది. కామెర్ల మనిషి ఉన్న ఇంటికి నేతిలో ముంచిన పూర్ణాలు! పూర్ణాలు వచ్చిన గిన్నెలో బెల్లం ముక్క పెట్టి ఎలా పంపడం?

ఆరో రోజు మధ్యాహ్నం నాకు తిరగలి చప్పుడు వినపడింది.

“అత్తయ్యా, ఏం విసురుతున్నావు?”

“ఏం లేదులే, పడుకో.”

“అన్నం బయటినించి వస్తుంటే తిరగలెందుకు?”

తిరగలి ఆగింది. అత్తయ్య గడప దగ్గరికొచ్చి, పైటకొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. “మినుములు. సున్నుండలు చేసి పంపిద్దామని. ఖాళీ గిన్నెలు పంపుతామా ఏంటి, మనకేం కరువొచ్చింది?”

సున్నుండలు వెళ్లాయి. వాటితో మా కొంప మునిగింది. మా అత్తయ్య చేతి సున్నుండ ఎలా ఉంటుందంటే, నోట్లో వేసుకుంటే నాలుకకి పని ఉండదు. రేపల్లెలో సగం వీధి ఆ రుచి చూసింది. వారం తిరిగేసరికి లిస్టులో పేర్లు పెరిగాయి. మధ్యాహ్నం ఒక ఇల్లు, సాయంత్రం ఒక ఇల్లు. ఎన్నడూ మా గడప తొక్కనివాళ్లు కూడా “మాకూ ఒక వారం ఇవ్వండి, పుణ్యం మీకేనా” అని మండలిలో పోట్లాడుకున్నారట. మా ఆయన ఆ సంగతి గర్వంగా వచ్చి చెప్పారు.

“చూశావా, ఊళ్లో మనమంటే ఎంత అభిమానమో!”

“అభిమానం మన మీద కాదండీ, మినుముల మీద” అన్నాను. జబ్బులో చిరాకు అనుకుని ఆయన నవ్వి ఊరుకున్నారు.

దయ ఎంత గొప్పదో చూడండి. మా ఇంట్లో పొయ్యి వెలగక్కర్లేదని వచ్చిన దయ, పొద్దున ఏడింటి నించీ పొయ్యి ఆరకుండా చేసింది. జావ రెండు గంటలకోసారి కాస్తా మూడు గంటలకోసారి అయింది. తరవాత “ఇదిగో వస్తున్నానమ్మా” అయింది. మినుములు వేగుతున్న వాసనలో నేను గోడవైపు తిరిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని. కళ్లల్లో పసుపు మళ్లీ చిక్కబడింది.

ఒకరోజు సామ్రాజ్యమ్మగారు స్వయంగా నా మంచం దగ్గరికొచ్చారు. నేను కొంచెం లేచి కూర్చోబోయాను. ఒంట్లో ఎలా ఉందని అడుగుతుందనుకున్నాను.

“కోటేశ్వరీ, మా మూత మారిందమ్మా. మా పేరున్న మూత బదులు వేరేవాళ్ల మూత వచ్చింది. మాది పెళ్లిలో పెట్టిన సెట్టు. కాస్త వెతికిస్తావా?”

అత్తయ్య ఆ మోకాలితోనే వంగి, అటక కిందా మంచం కిందా మూతలు వెతికింది. మూత దొరికింది. దొరికాక ఆవిడ దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని పేరు చదువుకుని, “హమ్మయ్య” అంది. ఆ హమ్మయ్య నా గురించి ఒక్కరోజు కూడా అనలేదు.

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం నాడు ఏకంగా నాలుగు క్యారియర్లు వచ్చాయి. పదహారు గిన్నెలు. పదహారూ నింపి పంపాలి. మధ్యాహ్నం రెండైంది, నా గొంతులో జావ పడలేదు. అప్పుడు అత్తయ్య గిన్నెతో వచ్చింది. మెత్తగా పిసికిన మజ్జిగన్నం. మొదటి ముద్దలోనే నాకు తెలిసిపోయింది. అది మా పొయ్యి మీద వండిన అన్నం కాదు. క్యారియర్లో వచ్చిన నేతి అన్నాన్ని వేణ్నీళ్లలో మూడుసార్లు కడిగి, మజ్జిగలో కలిపింది. ఎంత కడిగినా నెయ్యి పోతుందా?

ఆమె వైపు చూశాను. మోచేతుల దాకా పిండి. నుదుటి బొట్టు చెమటకి కారిపోయింది. “తినమ్మా, రెండు ముద్దలు తిను” అంది. వద్దంటే మళ్లీ వెళ్లి జావ కాస్తుంది. అప్పటికే ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది.

తినేశాను. తెలిసే తిన్నాను. ఈ కథలో నా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

భాద్రపదం

నాలుగు రోజులు తిరక్కుండా జ్వరం పట్టుకుంది, నెల మారేసరికి మాట తడబడింది, మూత్రం కాఫీ రంగులోకి తిరిగింది. పిల్లల్ని బాపట్లలో మా అమ్మ దగ్గరికి పంపి, నన్ను పాసింజరు బండిలో తెనాలి తీసుకెళ్లారు. బండిలో మా ఆయన ఒళ్లో తలపెట్టుకుని పడుకున్నాను. భట్టిప్రోలు దాటాక కిటికీలోంచి నాటిన వరి పొలాలు కనిపించాయి. అంత పచ్చదనంలో కూడా పసుపు తిరిగిన నా చేతులే ముందు కనిపించాయి.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద సగం రోజు. మా వంతు వచ్చేసరికి అత్తయ్య నా పాదాలు ఒళ్లో పెట్టుకుని గోకుతూనే ఉంది, దురదకి. డాక్టరు నా పొట్ట నొక్కి చూసి, “ఎవరు పెట్టారు నూనె?” అన్నాడు. అత్తయ్య తల వంచుకుంది. అసలు జవాబు చెప్పాలంటే లిస్టు మొత్తం చదవాలి.

మంచం దొరికింది. హమ్మయ్య, ఇక క్యారియర్ల పీడ వదిలిందనుకున్నాను. మూడో రోజుకి మా ఆయన రెండు చేతులా రెండు క్యారియర్లు పట్టుకుని వార్డులోకి వచ్చారు. రేపల్లెలో బండెక్కించి పంపారట, “తెనాలైతే ఏం, సేవకి దూరమా?” అని. సాయంత్రం బండికి గిన్నెలు తిరిగి వెళ్లాలి. ఆసుపత్రిలో అత్తయ్యకి తిరగలి లేదు, మినుములు లేవు. ఆమె చుట్టూ చూసింది. నాకోసం తెచ్చిన బత్తాయిలు తలగడ పక్కనున్నాయి. వాటిని ఒక్కొక్కటీ తీసి గిన్నెల్లో సర్దడం మొదలుపెట్టింది.

“ఏంటి పెద్దమ్మా, రోగం మనిషి పళ్లు గిన్నెలకి పెడతన్నావు?”

మా వెనక వరండాలో ఉండే పోలమ్మ. బాపట్ల పక్క సూర్యలంక మనిషి. సముద్రం మీద వేటకెళ్లే మొగుడు, కడుపులో నీరు చేరి మగవాళ్ల వార్డులో పడి ఉన్నాడు. ఆమె వరండాలో కాపురం పెట్టి ఇరవై రోజులు దాటింది. చేపల వాళ్లని అత్తయ్య మొదట్నించీ కొంచెం దూరంగానే ఉంచింది. ఆమె వచ్చి నిలబడితే చీర దగ్గరికి లాక్కునేది.

“ఖాళీగా పంపకూడదు కదమ్మా” అంది అత్తయ్య, మొహం తిప్పుకునే.

“గిన్నెలకి ఆకలేస్తదా?”

పోలమ్మ చెయ్యి పెట్టి బత్తాయిలు తిరిగి తీసేసింది. ఒకటి ఒలిచి, తొనలు గుడ్డలో వేసి పిండి, గ్లాసు నా చేతికిచ్చింది. అత్తయ్య ఆమెని వారించడానికి లేచింది. లేవగానే కళ్లు తిరిగి మంచం కోడు పట్టుకుని కూలబడింది. అప్పుడు చూశాను ఆమె అరచేతులు. తిరగలి పిడికి బొబ్బలెక్కి, చితికి, మళ్లీ ఎక్కినవి.

“పడుకో పెద్దమ్మా, నేను కూకుంటా” అంది పోలమ్మ.

ఆ మధ్యాహ్నం మా అత్తయ్య నేల మీద చాప వేసుకుని నాలుగు గంటలు నిద్రపోయింది. నెలన్నరలో పగటిపూట ఆమె నడుం వాల్చడం అదే మొదలు. పోలమ్మ నా దగ్గర కూర్చుని, నా బట్టలు జాడించి ఆరేసి, మేం తెచ్చుకున్న గిన్నెలు కుళాయి దగ్గర తోముకొచ్చింది. మాట్లాడింది కూడా తక్కువే.

“నీకు మీ ఆయన్ని చూసుకోవాలి గదా” అన్నాను.

“ఆడు నిద్రపోతన్నాడు. వండి పెట్టడానికి మాత్రం నా దగ్గరేముంది? చేతులున్నాయి.”

మర్నాటి నుంచి రోజూ వచ్చేది. బయట పొయ్యి దగ్గర ఎవరినో బతిమాలి జావ కాయించుకుని, తన మొగుడికి కొంత, నాకు కొంత. నాకు తెచ్చేది విస్తరాకు దొన్నెలో.

“తాగి దొన్నె బయట పారెయ్. మళ్లీ నాకేం ఇయ్యక్కర్లా.”

ఐదో రోజో ఆరో రోజో, ఆ దొన్నెలో మిగిలిన జావ మా అత్తయ్య తాగింది. చీర దగ్గరికి లాక్కున్న మనిషే. తాగి, దొన్నె చేతిలో తిప్పి తిప్పి చూసింది. దాని మీద ఎవరి పేరూ లేదు.

తరవాత ఒకరోజు పోలమ్మ రాలేదు. వాళ్లాయన్ని ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారని ఆయా చెప్పింది. ఆ మాటకి ఆసుపత్రిలో అర్థం ఒక్కటే. ఆ మనిషి ఏమయ్యాడో, ఆమె ఇంటికి ఎవరైనా వెళ్లి గిన్నె తోమారో లేదో నాకు తెలియదు. తర్వాత రెండేళ్లకి బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంక దాకా వెళ్లి అడిగాను. పోలమ్మలు నలుగురున్నారు. మా పోలమ్మ లేదు.

ఆశ్వయుజం

దసరాకి ముందు ఇంటికొచ్చాను, పుల్లలా. వచ్చిన రోజే సామ్రాజ్యమ్మగారి క్యారియర్ సిద్ధం. పులిహోర, ఆవడలు. అత్తయ్య అలవాటుగా మినుముల డబ్బా దించబోయింది.

“ఆ డబ్బా అక్కడ పెట్టు అత్తయ్యా.”

గోడ పట్టుకుని దొడ్లోకి వెళ్లి, నాలుగు గిన్నెలూ నేనే తోమాను. తుడిచాను. మూతలు పేరు చూసి సరిగ్గా పెట్టాను. క్యారియర్ తీసుకెళ్లడానికొచ్చిన వాళ్ల పనిమనిషి చేతికి ఇచ్చాను. చేతిలో తేలిగ్గా ఊగితే ఆమె అనుమానంగా నా వైపు చూసింది. “ఖాళీయే” అన్నాను.

అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. “వంశంలో లేదు” అని గోడకి చెప్పుకుంది. మూడో రోజు సామ్రాజ్యమ్మగారు వీధిలో మా ఆయన్ని ఆపి, “మీ ఆవిడకి జబ్బు తలకెక్కినట్టుందండి” అన్నారట. ఆ వారంలోనే లిస్టులో ఒక్కో పేరూ రాలిపోయింది. దీపావళికి ఒక్కటీ మిగల్లేదు. అన్యాయంగా చెప్పకూడదు, ఒకరు మిగిలారు. భట్టిప్రోలు నుంచి వచ్చి నాలుగిళ్ల అవతల మగ్గం పెట్టుకున్నవాళ్ల కోడలు. మొదట్నించీ మట్టి ముంతలో వెన్న తీసిన మజ్జిగ పంపేది, లిస్టులో పేరు లేకుండానే. సంక్రాంతి దాకా పంపింది. సేవ చేసేవాళ్లెవరూ ఆ పిల్లని మండలిలో చేర్చుకోలేదు.

ఇప్పుడు

లిస్టు వచ్చిన వారం రోజులకి, పొద్దున్నే నాగరత్నం ఇంటికి వెళ్లాను, వట్టి చేతులతో. మొగుడు మంచం మీద మూలుగుతున్నాడు. నీళ్లు అడిగితే ఇచ్చే దిక్కు లేదు. వెనక వంటింట్లో నాగరత్నం ఆరు నెలల గర్భంతో పీట మీద కూర్చుని నువ్వులు వేయిస్తోంది. పక్కన గోడ వారగా వరసగా ఆరు క్యారియర్లు, పేర్లతో సహా మెరుస్తున్నాయి.

“ఏంటమ్మా ఇది?”

“ఖాళీగా ఎలా పంపను అత్తా? నువ్వులుండలు చేసి...”

మూకుడు దించేశాను. “వెళ్లి మీ ఆయన దగ్గర కూర్చో” అన్నాను. అన్నీ తోమి, రోగికి జావ కాచి పెట్టి, క్యారియర్లు చేతికొకటి, మోచేతికి రెండేసి తగిలించుకుని బయల్దేరాను. ఆరిళ్లకీ నేనే తిరిగి ఇస్తానని. మొదటి ఇల్లు సామ్రాజ్యమ్మగారిదే.

దారిలో మా ఇల్లు. అరుగు మీద అత్తయ్య కూర్చుని ఉంది. డెబ్బై ఐదు దాటాయి, చూపు ఆనదు, కానీ చెవులకి ఏదీ తప్పదు. చప్పుడు విని ఆపింది.

“ఎవరివి ఆ గిన్నెలు?”

“మండలివాళ్లవి అత్తయ్యా. నాగరత్నం ఇంటినించి తిరిగిచ్చేస్తున్నాను.”

“ఏం వేశావు?”

“ఏమీ వెయ్యలేదు.”

మళ్లీ రెండు రోజుల మౌనం తప్పదనుకున్నాను. అత్తయ్య చెయ్యి చాపి, దగ్గరున్న క్యారియర్ని తడిమింది. వేలితో అంచున కొట్టించిన పేరు చుక్కల్ని ఒక్కొక్కటే తాకింది. ఆ అరచేతిలో తిరగలి కాయ ఇప్పటికీ అలాగే ఉంది.

“మూతలు తీసి పట్టుకెళ్లు” అంది. “ఖాళీ అని వీధంతా చూడాలి.”